రేణుకకు దక్కిన వరం

ఆలంపురం మ్యూజియంలో ఒక రాతి దేవత ఉంది. ఆమెకు తల లేదు. తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామరపువ్వు ఉంది. చాళుక్యుల కాలం నాటి ఆ శిల్పాన్ని చరిత్రకారులు లజ్జాగౌరి అంటారు. జనం మాత్రం తలలేని ఆ తల్లిని రేణుక కథతో ముడిపెట్టుకున్నారు. ఆ కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. స్నానానికి వెళ్ళిన రేణుక, జలక్రీడలాడుతున్న ఒక రాజును చూసింది. క్షణకాలం మనసు చలించింది. ఆ మాత్రానికే ఆమెను చంపమని భర్త జమదగ్ని కొడుకులను ఒకరి తరవాత ఒకరిని ఆజ్ఞాపించాడు. నలుగురు ఆ పని చెయ్యలేక శాపం పాలయ్యారు. ఐదోవాడు పరశురాముడు గొడ్డలి ఎత్తి తల్లి తల నరికాడు. మెచ్చుకున్న తండ్రిని అతను కోరిన వరాల్లో రెండు పక్కపక్కనే ఉంటాయి: అమ్మ బతకాలి, తనను చంపిన సంగతి అమ్మకు గుర్తుండకూడదు. తెలుగు పల్లెల్లో ఆ రేణుకే ఎల్లమ్మ. గద్వాల నడిగడ్డ నుంచి నల్లమల దాకా ఆమెకు మొక్కని ఊరు అరుదు.

ఈ రెండో వరం దగ్గర మన పురాణ కాలక్షేపాల్లో ఎవరూ పెద్దగా ఆగరు. ఆగాల్సింది అక్కడే. రేణుక బతికింది, కాని తనకు జరిగినదానికి తానే సాక్షి కాకుండా పోయింది. కుటుంబం కుదుటపడింది, ఆశ్రమం పరువు నిలిచింది. అందుకు చెల్లించిన వెల ఆమె జ్ఞాపకం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో గాని, తెలుగునేల మీద మరెక్కడైనా గాని, ఒక ఆడపిల్ల మీద లైంగిక దాడి జరిగినప్పుడు ఇంట్లోవాళ్ళూ పెద్దమనుషులూ ఆమెకు ఇవ్వజూపేది ఈ వరమే: "అయిందేదో అయింది, మరిచిపో బిడ్డా." రేణుక మీద జరిగింది లైంగిక నేరం కాదు, శీలం పేరిట వేసిన శిక్ష. అయినా రెండింటి అడుగునా ఉన్న నమ్మకం ఒకటే. ఇంటి పరువు ఆడదాని ఒంట్లో ఉంటుందని, పరాయి మగవాడి వల్ల అది పోతుందని, పోయాక దాచుకోవడం తప్ప దారి లేదని ఆ నమ్మకం. అది ధర్మం కాదనీ, జరిగినదాన్ని గుర్తుంచుకుని చెప్పాల్సిన చోట చెప్పడమే ధర్మమనీ నా వాదన.

నేరానికి దేవుడి పేరు పెట్టి దాన్ని కనపడకుండా చెయ్యడం ఈ నేలకు తెలియని పని కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జోగిని ఆచారానికి పేరుపడిన ప్రాంతం. ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చామంటూ దళిత ఇళ్ళ ఆడపిల్లలను, చాలాసార్లు ఊహ తెలియని వయసులోనే, ఊరికి అప్పగించేవారు. ఆ పిల్ల ఎదిగాక ఆమె మీద మొదటి హక్కు తనదే అనుకున్నవాడు ఊళ్ళో భూమీ పలుకుబడీ ఉన్నవాడే. ఆమె కాదనడానికి వీల్లేదు. జరుగుతున్నదాన్ని ఊరు నేరం అనుకోలేదు, మొక్కు అనుకుంది. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీల సమర్పణ నిషేధ చట్టం చేసి, ఆ మొక్కును నేరం అంది. చట్టం రాగానే ఆచారం మాసిపోలేదు. జోగినుల పిల్లలకు బడిలో తండ్రి పేరు దగ్గరా, తండ్రి ఆస్తి దగ్గరా ఎదురైన చిక్కులను పరిశీలించడానికి చాలా ఏళ్ళ తరవాత వి. రఘునాథరావు ఏకసభ్య కమిషన్ వేయాల్సి వచ్చింది. అయినా ఒక సంగతి తేలిపోయింది. ఎల్లమ్మ గుళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. జాతరలు సాగుతూనే ఉన్నాయి, భక్తి తరగలేదు. నేరాన్ని విడదీస్తే మతం కూలిపోతుందన్న భయానికి ఆధారం లేదని ఈ నేలే చూపించింది.

కాని పేరు పెట్టే పని ఇంకా సగమే అయింది. 'పాడైతే' తప్ప, అంటే అత్యాచారం జరిగితే తప్ప, కేసు కాదని ఊళ్ళలో ఇప్పటికీ అనుకుంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అలా అనుకోదు. దురుద్దేశంతో చెయ్యి పట్టి లాగడం, ఒంటిమీద చెయ్యి వెయ్యడం 74వ సెక్షన్ కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్ళ జైలు పడే నేరం. కోరిక తీర్చమని అడగడం, అసభ్యంగా మాట్లాడటం, ఇష్టం లేకున్నా బూతు వీడియోలు చూపించడం 75 కింద నేరాలు. స్నానం చేస్తుండగా చాటుగా చూసినా, ఫోన్లో తీసినా 77. వద్దన్నా వెంటపడటం, ఫోనులోనూ ఇంటర్నెట్‌లోనూ వదలకుండా వెంటాడటం 78. ఇక 63వ సెక్షన్ చెప్పే అత్యాచారం, జనం అనుకునేదానికన్నా చాలా విశాలమైనది. శరీరంలోకి వేలు గాని వస్తువు గాని చొప్పించినా అది అత్యాచారమే. ఆమె పెనుగులాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడం చెల్లదని ఆ సెక్షనే చెబుతోంది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. అక్కడ ఒప్పుకోలు అన్న ప్రశ్నే లేదు. ఈ పేర్లు తెలియకపోవడం వల్ల పెద్ద నష్టం ఉంది. తనకు జరిగినదానికి పేరే లేకపోతే, అది తన తప్పేనేమో అని పిల్ల అనుకుంటుంది.

ఇక్కడి బతుకుతెరువుల్లోనే ఆ నష్టానికి చోటు ఎక్కువ. గద్వాల ప్రాంతం సీడు పత్తికి పేరుపొందింది. పూలను చేత్తో కలిపే క్రాసింగ్ పనికి ఆడవాళ్ళూ ఎదిగే ఆడపిల్లలూ పొద్దుపొడవక ముందే చేలకు వెళతారు. పాలమూరు (మహబూబ్‌నగర్) వలస ఎరిగినవాళ్ళకు తల్లిదండ్రులు బొంబాయిలోనో హైదరాబాదులోనో ఉండగా నాయనమ్మల దగ్గర పెరిగే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెబుతున్నదాని ప్రకారం అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. చీకట్లో పొంచి ఉండే ముక్కూమొహం తెలియనివాడి కథ మనకు సుఖంగా ఉంటుంది. చుట్టం, పొరుగువాడు, మేస్త్రీ, సారు అని చెప్పాల్సి వస్తే మాట గొంతులోనే ఆగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నామన్న స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవాళ్ళు నూటికి పద్నాలుగు మంది మాత్రమే.

ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అంటారు పెద్దలు. దెబ్బ ఎవరికి తగులుతుందో ఆ సామెత నిజాయితీగానే చెబుతుంది. కాని దాన్ని వాడేది బుద్ధి చెప్పడానికి, అదీ ఎప్పుడూ ఆకుకే. పెద్దమనుషుల పంచాయితీ నడిచేది ఈ తర్కం మీదే. పిల్లకు పెళ్ళి కావాలి, రెండు ఇళ్ళూ ఒకే ఊళ్ళో బతకాలి, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కనుక ఇంత డబ్బు కట్టించి, ఒక కాగితం రాయించి, రాజీ. ఈ పెద్దల్లో దుర్మార్గులే ఉంటారని నేను అనను. ఊరు కలిసి ఉండాలన్న కోరిక మంచిదే. కాని వాళ్ళు పంచుతున్నది వాళ్ళ సొత్తు కాదు. పొలం గట్టు తగాదాలో ఇద్దరూ ఒక మెట్టు దిగితే సరిపోతుంది. ఇక్కడ ఆమె దిగడానికి మెట్టేదీ లేదు. అత్యాచారం రాజీకి వీలైన నేరం కాదని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది. రాజస్థాన్‌లో ఒక విద్యార్థిని కుటుంబం ఉపాధ్యాయుడితో రాజీపడిందని హైకోర్టు కొట్టేసిన పోక్సో కేసును 2024 నవంబరులో మళ్ళీ నిలబెట్టింది. పిల్ల మీద నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద ఆ తెలిసినవాళ్ళ నేరం. రాజీ కుదిర్చిన పెద్దమనిషి తానే బోనెక్కాల్సి రావచ్చు. 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసిన ఒక బెయిలు షరతు కూడా ఈ కోవలోదే. లైంగిక దాడి కేసులో నిందితుడు బాధితురాలితో రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన షరతు అది. పవిత్రమైన ఒక ఆచారాన్ని తెచ్చి నేరం మీద కప్పడం జోగిని కాలంతోనే పోయిందనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడ భక్తులైనవాళ్ళు నిజాయితీగా ఒక అభ్యంతరం చెబుతారు. క్షమ గొప్ప గుణం కాదా, పగ పట్టడం ధర్మమా అని. క్షమ గొప్పదే. కాని క్షమించే అధికారం దెబ్బ తిన్నవాళ్ళకే ఉంటుంది, వాళ్ళ తరఫున ఊరు క్షమించలేదు. చేసినవాడు చేశానని ఒప్పుకోకుండానే క్షమించమంటే, అసలేమీ జరగలేదని ఒప్పుకోమన్నట్టే. కేసు పెట్టడం పగ కాదు. పగ తానే శిక్ష వేస్తుంది. ఫిర్యాదు తన మాటను మూడోవాళ్ళ ముందు పెట్టి, ఎదుటివాడికీ మాట్లాడే అవకాశమిచ్చి, తీర్పు వాళ్ళకు వదిలేస్తుంది. నిజానికి అది గొప్ప నిగ్రహం. కర్మ వాదం ఇంకా బలహీనమైనది. పూర్వజన్మ ఫలం అనుభవించాలి అని ఆమెకు చెప్పేవాళ్ళు, అతనికి పడబోయే జైలు శిక్ష కూడా కర్మఫలమే అని ఎందుకు అనుకోరు? కర్మ సిద్ధాంతం ఒకరికే వర్తించి మరొకరిని వదిలేస్తే, అది సిద్ధాంతం కాదు, సాకు.

శాస్త్రం ఏమంటుందని అడిగేవాళ్ళకు కూడా సమాధానం ఉంది. బలాత్కారానికి గురైన స్త్రీని విడిచిపెట్టకూడదని వసిష్ఠ ధర్మసూత్రం స్పష్టంగా చెప్పింది. ఆ గ్రంథంలో నేడు మనం ఒప్పుకోలేని వర్ణభేదాలు ఎన్నో ఉన్నాయి. అంత పాత, అంత కట్టుబాట్ల గ్రంథం కూడా దోషాన్ని ఆమె ఒంటికి అంటగట్టలేదు. అంతకన్నా పెద్ద సాక్ష్యం సభాపర్వం. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన ద్రౌపది కౌరవ సభలో మొదట అడిగింది జాలి కాదు, ఒక న్యాయ ప్రశ్న: ముందే తనను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడు లేచి ఆమె అడిగింది సబబే అన్నాడు. చీర ఆగకుండా రావడమే మన నాటకాలకూ సినిమాలకూ ఆ ఘట్టంలో గుర్తుండిపోయింది. వ్యాసుడు అంతకు ముందే, అవమానపు నడిమధ్యలో, ఒక స్త్రీ చేత ధర్మశాస్త్రం మాట్లాడించాడు. ఆ సభలో తల వంచుకోవాల్సింది ఎవరో కథ విన్న పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. ద్రౌపది మరవలేదు. ఆమెను మరిచిపొమ్మన్న కవి కూడా లేడు.

గట్టి అభ్యంతరం మరొకటి. సరే, చెప్పడమే ధర్మం, కాని ఎవరికి చెప్పాలి? ఆ పోలీసులకా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యడానికి లేదు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద పోలీసులే అత్యాచారం చేశారని, ఆమె భర్త వాళ్ళ దెబ్బలకు చనిపోయాడని నగరం భగ్గుమంది. ఆమె పేరు ఆనాడు ప్రతి గోడ మీదా ఉంది. ఇక్కడ నేను రాయను, అలాంటి పేర్లు బయటపెట్టకూడదని 1983లో చట్టం వచ్చింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు గద్వాల పొరుగునే ఉన్న రాయచూరు సెషన్స్ కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులు విడుదలయ్యారు. అంతకు ముందు 1978లో, మహారాష్ట్రలో ఒక ఆదివాసీ అమ్మాయిపై స్టేషన్‌లోనే జరిగిన నేరంలో, ఒంటిమీద గాయాలు లేవంటూ సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. చట్టం దగ్గరికి వెళ్ళిన ఇద్దరు పేద స్త్రీలు ఓడిపోయారు. కాని వాళ్ళు మరిచిపోయి ఉంటే ఏమయ్యేదో చూడాలి. నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాసేవారు కాదు. ఊరూరా మహిళా సంఘాలు వీధిలోకి వచ్చేవి కావు. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారంలో, తాను ఒప్పుకోలేదని ఆమె అంటే కోర్టు అదే నిజమని ముందుగా భావించాలన్న 1983 సవరణ వచ్చేది కాదు. బాధితురాలి గతాన్ని పరీక్షించే రెండు వేళ్ళ పరీక్షను 2013లో, 2022లో సుప్రీంకోర్టు తప్పుపట్టడం దాకా సాగిన దారి ఆ ఓటముల నుంచే మొదలైంది. అత్యాచారం మీద ఉన్న చట్టంలో నేడు స్త్రీకి దక్కుతున్న ప్రతి రక్షణా, మరిచిపోవడానికి ఒప్పుకోని ఒక స్త్రీ మాట నుంచి పుట్టిందే.

చట్టం నెమ్మది కనుక ఎన్‌కౌంటరే న్యాయం అనేవాళ్ళకు కూడా ఇదే జవాబు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర మాయమై, అత్యాచారానికీ హత్యకూ గురైన యువ పశువైద్యురాలి కోసం ఆ రాత్రి కుటుంబం వెళితే, మా పరిధి కాదంటూ పోలీసులు కాలయాపన చేశారన్న ఆరోపణ వచ్చింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6న షాద్‌నగర్ పక్క చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం వాళ్ళ మీద పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని సిర్పుర్కర్ కమిషన్ తరవాత తేల్చింది. ఒక్క ఫిర్యాదును వెంటనే రాసుకోవడం ఆ పూలన్నిటికన్నా విలువైన పని. శవాలు సాక్ష్యం చెప్పలేవు. అది కూడా ఒక రకం మరుపే, కాస్త పెద్ద చప్పుడుతో వచ్చిన మరుపు.

కాబట్టి ఆ ఒక్క ఫిర్యాదు ఎలా రాయించాలో తెలియడం ఈ వాదనలో భాగమే. ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఆమె చెప్పేది మహిళా అధికారి రాసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి తీవ్ర నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసుకు ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా కఠిన జైలు శిక్ష ఉంది. నిరాకరిస్తే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆ తరవాత మేజిస్ట్రేటు ఉన్నారు. స్నానం చెయ్యకుండా, ఆనాటి బట్టలు ఉతక్కుండా దాచి ఆసుపత్రికి వెళితే సాక్ష్యం మిగులుతుంది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. వైద్య పరీక్ష ఆమె ఒప్పుకుంటేనే జరగాలి. ఆలస్యమైనా ఆశ వదులుకోనక్కర్లేదు. ఆలస్యానికి కారణం పరువు భయమే కావచ్చని, నమ్మదగినదైతే ఆమె మాట ఒక్కటే చాలని 1996లో పంజాబ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు ఖర్చు భయం కూడా అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. 2022 జూన్‌లో కొత్త న్యాయ జిల్లాలు ఏర్పడ్డాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్ళు జిల్లా కోర్టు కోసం మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాల్సిన పనీ తగ్గింది. న్యాయ సహాయానికి 15100, మహిళలకు 181, పిల్లలకు 1098, ఆపదలో 112. సఖి కేంద్రాల్లో వైద్యం, ఆసరా, సలహా ఒకేచోట దొరుకుతాయి. చేలల్లో, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు యజమాని వేధింపుల మీద జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చని 2013 చట్టం అంటుంది. ఆ సంగతి సీడు పత్తి చేలలో చెప్పినవాళ్ళే తక్కువ. బాధితురాలు దళితురాలో ఆదివాసీయో అయితే అట్రాసిటీ చట్టం అదనపు అండ. 2024 జూన్‌లో కొల్లాపూర్ ప్రాంతంలో ఒక చెంచు మహిళను నిర్బంధించి చిత్రహింసలు పెట్టిన ఘటనలో ఆ అండ ఎందుకు కావాలో రాష్ట్రమంతా చూసింది.

తప్పుడు కేసుల మాట కూడా వదిలెయ్యకూడదు. ఉంటాయి. పెద్దలకు ఇష్టం లేని ప్రేమను విడదీయడానికి పదిహేడేళ్ళ పిల్ల పేరిట పోక్సో కేసు పెట్టడం మనకు తెలిసిందే, కోర్టులే దాని మీద ఆందోళన చెప్పాయి. పెళ్ళి చేసుకోలేకపోవడానికీ, మొదటినుంచీ మోసగించాలనుకోవడానికీ తేడా చూడాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు హెచ్చరించింది. అయితే గమనించాల్సింది ఒకటుంది. ఆ ప్రేమ కేసులు పెట్టించేది చాలావరకు ఆ పిల్ల కాదు, ఇంటి పరువు. అదే పరువు ఒక ఇంట్లో నిజమైన నేరాన్ని దాస్తుంది, మరో ఇంట్లో లేని నేరాన్ని పుట్టిస్తుంది. రెండు చోట్లా ఆమె ఏమంటుందో ఎవరూ అడగరు. ఈ పరువు పట్టు నుంచి చట్టం కూడా ఇంకా పూర్తిగా బయటపడలేదు. పద్దెనిమిదేళ్ళు దాటిన భార్య వద్దన్నా భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కాదన్న మినహాయింపు 63వ సెక్షన్‌లో నేటికీ ఉంది. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడగవచ్చు గాని, నేరమన్న పేరు ఆ గడప లోపలికి ఇంకా రాలేదు.

ఈ మాటలు చెప్పడానికి కోర్టు మెట్లూ కాలేజీ సదస్సులూ చాలవు. వినాల్సినవాళ్ళు అక్కడికి రారు, జాతరకు వస్తారు. జోగులాంబ బ్రహ్మోత్సవాలు, మల్దకల్ తిమ్మప్ప జాతర, శ్రీరంగాపురం రంగనాథుడి ఉత్సవం, నల్లమలలో సలేశ్వరం యాత్ర, ఊరూరా ఎల్లమ్మ పండుగ. తప్పిపోయిన పిల్లల గురించి పిలిచే ఆ మైకులోనే ఈ నంబర్లు చెప్పవచ్చు. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళు రేణుక తల తెగిన చోట ఆగి, ఆమె తప్పేమిటని జనాన్ని అడగవచ్చు. గుడి దగ్గర ఈ మాటలేమిటని ఎవరైనా అనవచ్చు. 2025 మార్చి చివర్లో నాగర్‌కర్నూల్ జిల్లా ఊర్కొండపేట ఆంజనేయస్వామి గుడికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒక స్త్రీ మీద ఆ పరిసరాల్లోనే సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె మరిచిపోలేదు. స్టేషన్‌కు వెళ్ళి చెప్పింది. ఏడుగురు అరెస్టయ్యారు.